అమ్మ చీటీ రాసిస్తే లైబ్రరీకి పరిగెత్తిన రోజులు

బడులకు, ఆఫీసులకు ఆదివారం సెలవైతే మా ఊరి శాఖా గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. ఆ ఏర్పాటు చేసినవాళ్లకు నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. బడి లేని రోజున లైబ్రరీ తలుపులు తెరిచి ఉండబట్టే నాలాంటి పిల్లలు లోపలికి వెళ్లగలిగారు.

మాది కృష్ణా పశ్చిమ డెల్టా, తెనాలి వైపు. లైబ్రరీకి అప్పట్లో సొంత భవనం లేదు, అద్దెకు తీసుకున్న పెంకుటింట్లో నడిచేది. ముందు వరండాలో ఒక పొడవాటి బల్ల, దానికి రెండు వైపులా బెంచీలు, బల్ల మీద దినపత్రికలు. ఉదయం పూట అక్కడంతా పెద్దవాళ్లే. ఒక్క పేపరును షీట్లు షీట్లుగా విడదీసి నలుగురూ చదువుకునేవాళ్లు. లోపలి గదిలో అద్దాల బీరువాలు. పుస్తకాలన్నిటికీ ఒకేరకం గట్టి బైండు, వీపు మీద తెల్ల పెయింటుతో నంబరు, చివరి అట్ట లోపల తేదీలు ముద్రవేసే చీటీ. ఒక పుస్తకం చీటీ నిండా ముద్రలుంటే అది బాగుంటుందని పిల్లలం మేమే కనిపెట్టుకున్నాం. చాలాసార్లు ఆ లెక్క తప్పలేదు.

మా అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. వారపత్రికల్లో వచ్చే సీరియల్స్ అంటే ప్రాణం. ఆ పేజీలు వారం వారం జాగ్రత్తగా విడదీసి, దారంతో కుట్టి, దాచుకునేది. కానీ ఆ వరండా బెంచీల మీద ఆడవాళ్లు కూర్చోవడం అప్పట్లో మా ఊళ్లో లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. అందుకని అమ్మ నాతో చీటీ పంపేది. అందులో పైనుంచి కిందికి కొన్ని నవలల పేర్లు. మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది తెమ్మని చెప్పేది. నాన్న పేరు మీద ఉన్న కార్డు, అమ్మ చీటీ, పాత పుస్తకం, ఈ మూడూ గుడ్డ సంచిలో వేసుకుని నేను పరిగెత్తేదాన్ని.

లైబ్రేరియన్ గారు ఆ చీటీని ఎంతో శ్రద్ధగా చదివేవారు. చీటీలో ఉన్నవేవీ దొరక్కపోతే వెనకవైపు తిప్పి రెండు ముక్కలు రాసేవారు. "అవి బయట ఉన్నాయమ్మా, వచ్చే వారం తిరిగొస్తాయి. ఈలోగా ఇది చదివి చూడండి, మీకు నచ్చుతుంది" అని. అమ్మ ఆ చీటీని పుస్తకంలోనే పెట్టుకునేది. చదివాక తన కొత్త చీటీ అడుగున అభిప్రాయం రాసేది. "బాగుంది గానీ ఆ పిల్లకు అంత అన్యాయం చెయ్యకూడదు" లాంటివి. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే వాళ్లిద్దరి మధ్య కొన్నేళ్ల పాటు పుస్తకాల గురించి ఉత్తరాలు నడిచాయి. మోసింది నేను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు చదవడం అలవాటు చేసింది ఆ మోతే అనిపిస్తుంది. నన్నెవరూ కూర్చోబెట్టి "పుస్తకాలు చదివితే జ్ఞానం వస్తుంది" అని చెప్పలేదు. ఇంట్లో ఒక మనిషి పుస్తకం కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటే, ఆ పుస్తకంలో ఏదో ఉందని పిల్లలకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. సంచి అందుకోగానే అమ్మ ముఖంలో వచ్చే వెలుగు చూసి, అసలు అందులో ఏముందా అని దారిలోనే మొదటి పేజీలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. సగం అర్థమయ్యేది కాదు. అయినా చదివేదాన్ని.

లైబ్రేరియన్ గారు అమ్మ నవల వెతికేంతసేపు నేను బీరువాల మధ్య ఖాళీగా నిలబడాలి. పిల్లల పుస్తకాలు అన్నిటికంటే కింది అరలో ఉండేవి. నేల మీద చతికిలబడితే సరిగ్గా కళ్లెదురుగా. ఆయన ఆ బీరువాకు తాళం వేసేవారు కాదు. "ఏది కావాలంటే అది తీసి చూడమ్మా, పెట్టేటప్పుడు మాత్రం తీసినచోటే పెట్టు" అనేవారు. ఆ "ఏది కావాలంటే అది" అన్న మాట విలువ నాకు చాలా ఏళ్లకు తెలిసింది. బళ్లో ఏ పాఠం చదవాలో మాస్టారు చెప్తారు. ఇంట్లో ఏం తినాలో అమ్మ చెప్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు తనంతట తాను ఎంచుకునే హక్కున్న చోటు ఆ ఊరు మొత్తం మీద అదొక్కటే.

ఆ అరలో చందమామ పాత సంచికల బైండ్లు ఉండేవి. 1947 జూలైలో మొదలైన పత్రిక కాబట్టి మా చేతికొచ్చేసరికే దానికి మా అమ్మ తరం పిల్లల వేలిముద్రలున్నాయి. బొమ్మ చూసి కథ ఊహించుకోవడం, తర్వాత చదివి సరిచూసుకోవడం మా ఆట. వాటి పక్కనే మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పేర్లు అట్టల మీద ఉండేవి. దళసరి కాగితం, రంగుల బొమ్మలు, మంచు, ఎలుగుబంట్లు, మేమెప్పుడూ చూడని చెట్లు. మండే ఎండల్లో కూర్చుని మంచులో తప్పిపోయిన పిల్లల గురించి చదువుతుంటే నిజంగానే చలేసేది. సోవియట్ యూనియన్ పోయాక ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. వాటి చిరిగిన ప్రతుల కోసం ఇప్పటికీ పాత పుస్తకాల షాపుల్లో వెతికేవాళ్లున్నారు. నేనూ వెతుకుతాను.

ఒక కార్డు మీద ఒక పుస్తకమే ఇచ్చేవారు. అమ్మ నవల తీసుకుంటే నాకేం మిగలదు. ఇది చూసి నాన్న ఒక ఆదివారం తనే వచ్చి, డిపాజిట్ కట్టి, నా పేరు మీద కార్డు తీయించారు. నాన్న పేపరు తప్ప పుస్తకం పట్టిన మనిషి కాదు. కానీ నా పేరు, ఇంటి పేరుతో సహా, ఒక ప్రభుత్వ కాగితం మీద రాసి ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. ఆ రాత్రి కార్డును తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. పిల్లలకు పుట్టినరోజు కానుకగా ఏమివ్వాలని ఎవరైనా అడిగితే, వాళ్ల పేరున ఒక లైబ్రరీ కార్డు తీయించమని ఇప్పటికీ చెప్తుంటాను.

మా తమ్ముడి సంగతి వేరు. వాడికి కథలు ఎక్కలేదు. నాతోపాటు వచ్చి పేపర్లో ఆటల పేజీ మాత్రం చదివేవాడు, తర్వాత అట్లాసులో నదులు వెతికేవాడు. కొన్నాళ్లకు రేడియో రిపేరు పుస్తకం ఒకటి దొరికింది, దాన్ని గడువు పొడిగించి పొడిగించి నెలల తరబడి ఇంట్లోనే ఉంచుకున్నాడు. "అక్క చూడు ఎన్ని కథలు చదువుతోందో, నువ్వూ చదవరా" అని మా ఇంట్లో ఒక్కసారి కూడా ఎవరూ అనలేదు. అందుకు మా అమ్మానాన్నలకు నేను రుణపడి ఉంటాను. అలా అని ఉంటే వాడు ఆ మాత్రం కూడా చదివేవాడు కాదు, నాకూ చదవడం ఒక గొప్పలా తయారయ్యేది. వాడు ఈరోజుకీ కథలు చదవడు. కానీ ఏ కొత్త యంత్రం కొన్నా దానితో వచ్చే పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి గానీ స్విచ్ వెయ్యడు.

పుస్తకాలు గట్టిగా చదవడం మాత్రం మా ఇంట్లో అందరి పని. అమ్మ బియ్యం ఏరుతుంటే నేను పక్కన కూర్చుని చదవాలి. తడబడితే అమ్మ తలెత్తకుండానే సరిదిద్దేది. కరెంటు పోయిన రాత్రుల్లో లాంతరు వెలుగులో తాతయ్య కూడా వచ్చి చేరేవారు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కరెంటు వచ్చేస్తే ఎవరూ లేచేవాళ్లు కాదు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ల నాన్న. కొల్లిపర వైపు మనిషి. మా లైబ్రరీ సంచి చూసినప్పుడల్లా "మీరు పుస్తకాల దగ్గరికి వెళ్తున్నారు, మా దగ్గరికి పుస్తకాలే పడవెక్కి వచ్చేవి" అనేవారు. చిన్నప్పుడు అది తాతయ్య కల్పించిన కథేమో అనుకునేవాళ్లం. నిజమే. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కృష్ణా కాలవలో పుస్తకాల పడవ నడిపించారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో డెల్టా జనం ప్రయాణాలు చేసేది కాలవల మీదే కదా. పడవలో ఎక్కినవాళ్లు దిగేలోపు చదువుకోవచ్చు, గట్టు మీది ఊళ్లవాళ్లు పుస్తకాలు తీసుకుని చదివి మళ్లీ ఇచ్చెయ్యొచ్చు. పడవ వస్తోందంటే పిల్లలు గట్టు వెంట పరిగెత్తేవాళ్లమని తాతయ్య చెప్పేవారు. ఆయన అప్పటికి పదమూడేళ్ల కుర్రాడు. ముసలితనంలో చెప్తున్నప్పుడు కూడా ఆ పరుగు ఆయన గొంతులో వినిపించేది.

ఆ తర్వాత నేనే వెతుక్కుని చదివితే తెలిసింది, మన నేల మీద గ్రంథాలయాలను ప్రభుత్వం వచ్చి కట్టివ్వలేదని. ముందు జనమే పెట్టుకున్నారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ లేని కాలంలో, 1901లో, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో గ్రంథాలయాలు నడిపేవాళ్లంతా ఒక మహాసభగా కూడారు, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు కూడా నిండలేదు. ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, ఇంట్లో మూలన పడి ఉన్న పుస్తకాలను అడిగి తెచ్చి, అరుగుల మీద లైబ్రరీలు పెట్టించిన మనుషులు వీళ్లు. 1972లో అయ్యంకి వారికి పద్మశ్రీ వచ్చింది. మా ఊరి లైబ్రరీ గోడ మీద ఆయన ఫొటో ఉండేది. ఎవరో ఊరి పెద్ద అనుకునేదాన్ని.

చీరాలలో పెద్దమ్మ వాళ్లుండేవారు. వేసవి సెలవుల్లో వెళితే పెద్దనాన్న మమ్మల్ని వేటపాలెం తీసుకెళ్లి సారస్వత నికేతనం చూపించారు. 1918లో మొదలైన గ్రంథాలయం అది. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా దాచారు. తమ్ముడు ఆ కర్ర దగ్గర్నుంచి కదల్లేదు. నన్ను మాత్రం అక్కడి పాత పత్రికల కట్టలు పట్టేశాయి. మా తాతయ్య చిన్నప్పటి రోజుల వార్తలు, ప్రకటనలు, ధరలు అన్నీ అలాగే ఉన్నాయి. ముట్టుకుంటే విరిగిపోయేంత పలచని కాగితం.

మా ఊళ్లో పెద్ద సందడి నవంబరులో. 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వరండాకు రంగు కాగితాల తోరణాలు కట్టేవారు, కొత్త పుస్తకాలు బల్లల మీద పరిచేవారు, పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు. ఒక ఏడాది వక్తృత్వంలో నాకు బహుమతి వచ్చింది. బహుమతి అంటే పుస్తకమే. దాన్ని అందుకోవడం చూడటానికి అమ్మ మొట్టమొదటిసారి లైబ్రరీకి వచ్చింది. వచ్చినవాళ్లంతా రిజిస్టరులో సంతకం పెట్టాలి. అమ్మ రాస్తుంటే లైబ్రేరియన్ గారు ఆ అక్షరాల వంక చూసి, "మీరేనా అమ్మా!" అన్నారు. అంతే. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆయన అమ్మను లోపలి గదిలోకి తీసుకెళ్లి బీరువాలన్నీ చూపించారు. అన్నేళ్లు పేర్లు మాత్రమే రాసి తెప్పించుకున్న పుస్తకాలను అమ్మ ఒక్కొక్కటే వేలితో తాకుతూ నడిచింది. అటుపైన నెలకోసారైనా తనే వెళ్లడం మొదలుపెట్టింది, పక్కింటి అత్తయ్యను కూడా వెంటేసుకుని.

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని రెండున్నాయి. ఆ సూత్రాలను నేను పెద్దయ్యాక చదివాను. వాటిని అక్షరాలా పాటించిన మనిషిని మాత్రం అంతకుముందే చూశాను. చీటీ వెనక రెండు ముక్కలు రాయడానికి ఆయనకు జీతంలో అదనంగా ఏమీ రాలేదు. వందల పుస్తకాల్లోంచి మా అమ్మకు ఏది నచ్చుతుందో ఆలోచించి తీశారు. పిల్లలకు, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు అలాంటి మనిషి ఒక్కరు దొరికితే చాలు, భవనం పెంకుటిల్లయినా ఫరవాలేదు.

ఇప్పుడు నేనుండే పట్టణంలోని శాఖా గ్రంథాలయానికి పక్కా భవనం ఉంది. పొద్దున వెళితే కుర్చీ దొరకదు. గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే యువతీ యువకులతో నిండిపోతుంది. మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుని, తిని, మళ్లీ చదువు. వాళ్లను చూస్తే కడుపు నిండుతుంది. ఇంట్లో విడిగా గది లేని పిల్లలకు ఈ దేశంలో ఖర్చు లేకుండా, ప్రశాంతంగా కూర్చుని చదువుకోవడానికి ఇంకెక్కడ చోటుంది! అమ్మాయిలు సగం బెంచీలు ఆక్రమించి కూర్చోవడం చూసినప్పుడు అమ్మ గుర్తొస్తుంది.

కానీ కింది అరల దగ్గర ఎవరూ ఉండరు. చిన్నపిల్లలు రావడం లేదు. వచ్చినా నిశ్శబ్దంగా చదువుకునేవాళ్లకు ఇబ్బంది అని పెద్దవాళ్లే బయటికి తీసుకెళ్లిపోతారు. అందరూ ఫోన్‌ను తిడతారు. నాకైతే తప్పంతా ఫోన్‌ది అనిపించదు. మా చిన్నప్పుడూ రేడియో ఉంది, సినిమా ఉంది, రోజంతా ఆడినా తనివి తీరని వీధి ఉంది. అయినా లైబ్రరీకి వెళ్లామంటే, తెచ్చిన పుస్తకం గురించి ఇంట్లో అడిగేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు పిల్లవాడిని చదవమని చెప్పి మనం పక్క గదిలో టీవీ పెట్టుకుంటున్నాం.

ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఇంగ్లీష్ మీడియం పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే వత్తుల దగ్గర ఆగిపోతారు. సిగ్గుపడి పుస్తకం మూసేస్తారు. మా పై ఫ్లాట్‌లో ఒక బాబు అలాగే ఉండేవాడు. వాడిని రోజూ సాయంత్రం కూర్చోబెట్టుకుని ఒక పేరా నేను, ఒక పేరా నువ్వు అని పంచుకున్నాం. మొదట్లో వాడి పేరా రెండు లైన్లే, నాది పేజీ. కథలో తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రంలో వాడు వత్తుల సంగతి మర్చిపోయాడు. వాళ్ల నాయనమ్మ కూరగాయలు తరుగుతూ వినేది. తర్వాత తర్వాత ఆవిడ కూడా కళ్లజోడు తెచ్చుకుని ఒక పేరా అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడు వాడి పేరా మా ఇద్దరి పేరాల కంటే పెద్దది.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరాలి. అంటే మనం వెళ్లినా వెళ్లకపోయినా ఆ లైబ్రరీకి డబ్బు కడుతున్నాం. లోపల పిల్లల పుస్తకాలు పాతబడిపోయాయంటే అడిగే హక్కు మనకుంది. నేను అడుగుతూనే ఉంటాను. కావాల్సిన పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి ఇస్తాను. అలా ఇచ్చినవాటిలో కొన్ని అరల్లోకి వచ్చాయి కూడా.

ఇప్పుడక్కడున్న లైబ్రేరియన్ చిన్నమ్మాయి, ఉత్సాహవంతురాలు. పరీక్షలకు చదివేవాళ్లకు ఇబ్బంది లేకుండా ఆదివారం సాయంత్రం ఒక గంట వరండా పిల్లలకు వదిలేద్దామంటే వెంటనే ఒప్పుకుంది. చాప పరుస్తాం, కథ చదువుతాం, అల్లరి చేసినా ఎవరూ ఏమీ అనరు. పుస్తకం నచ్చకపోతే సగంలో ఇచ్చేసి ఇంకొకటి తీసుకోవచ్చని మొదటిరోజే చెప్పేశాం. దించి వెళ్లిపోయే తల్లిదండ్రులను మాత్రం ఉండమని బతిమాలుతున్నాను. ఉన్నవాళ్లు మొదట ఫోన్ చూసుకుంటూ నిలబడతారు, కాసేపటికి ఏదో ఒక బీరువా దగ్గరికి వెళ్తారు. ఒక నాన్న చిన్నప్పుడు సగంలో వదిలేసిన నవల కనబడి, అక్కడే నిలబడి చదివేసుకుంటూ, కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని లాగినా కదల్లేదు. ఆ పిల్ల మరుసటి ఆదివారం "నాన్న బుక్ అయిపోయిందా" అని అందరిముందూ అడిగింది.

ఈ నవంబరు వారోత్సవాలకు ముందే మా అపార్ట్‌మెంట్ పిల్లల చేత సభ్యత్వం దరఖాస్తులు నింపించాం. వాళ్ల పేర్లు వాళ్లే తెలుగులో రాయాలని పట్టుబట్టాను. పిల్లల కాగితాల కింద ఇంకొన్ని దరఖాస్తులు కనిపించాయి. తల్లులు తమ పేర్లతో నింపినవి. పై ఫ్లాట్ నాయనమ్మది కూడా ఉంది, ఫొటో ఇంకా అంటించాలి.